అవతలి గట్టు కనపడని చెరువు

పోయిన నెల సింగపూరులో, చాంగీ బిజినెస్ పార్క్‌లోని మా ఆఫీసులో కూర్చుని ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేశాను. వారానికి నాలుగైదు చేస్తూనే ఉంటాను కాబట్టి అదేమంత చెప్పుకోవలసిన సంగతి కాదు. కానీ ఆ రోజు తెరమీద కనిపించిన అమ్మాయి కళ్ళద్దాల్లో నాకు ఒక తెల్ల కాగితం కనిపించింది. మేము ప్రశ్న అడగగానే ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగేది, కళ్ళద్దాల మూల ఆ కాగితం కదిలేది, తర్వాత జవాబు గడగడా వచ్చేది. నా పక్కన కూర్చున్నది మా టీములో అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. మైకు మూసేసి, “ఆంటీ, సమ్‌బడీ పక్కన కూర్చుని రాసి ఇస్తున్నారు, కన్ఫర్మ్ లా” అని కిసుక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈ రోజుల్లో ఇలాంటి మోసానికి కాగితమూ కలమూ ఎవరు వాడుతున్నారు? పక్క కిటికీలో కంప్యూటరే జవాబులు వండి వడ్డిస్తోంది. అలాంటిది ఎక్కడో ఒక గదిలో ఒక మనిషి ఇంకొక మనిషి పక్కన ఊపిరి బిగబట్టి కూర్చుని రాసి అందిస్తోందనుకునేసరికి, పాతికేళ్ళ కిందటి క్లెమెంటి ఫ్లాటూ, అందులో మా చిన్న గదీ, గచ్చు మీద పరిచిన చాపా, ఆ చాప మీద నా భుజానికి భుజం ఆనించి కూర్చున్న అక్కా, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. మీలో వై టు కే రోజుల్లో సూట్‌కేసు పట్టుకుని ఇల్లు కదిలినవాళ్ళుంటే ఈ వరస మీకు చెప్పనక్కర్లేదు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పి కుప్పకూలిపోతాయని లోకమంతా బెంబేలెత్తిన కాలం అది. ఆ భయం పుణ్యమా అని కోబాల్ అనే పాత ప్రోగ్రాము భాషలో నాలుగు ముక్కలు వచ్చినవాళ్ళందరికీ విమానం టిక్కెట్లు దొరికాయి. అమెరికాలో బేరం కుదిరేదాకా మాలాంటివాళ్ళను హైదరాబాదు కన్సల్టెన్సీలు తెచ్చి సింగపూరులో కూర్చోబెట్టేవి. పగలంతా ఇక్కడి కంపెనీల ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేసుకుంటూ, మనసులో మాత్రం అందరం అక్కడే ఉండేవాళ్ళం. మాకు సింగపూరు ఊరు కాదు, రైలు వచ్చేదాకా నిలబడే ప్లాట్‌ఫారం. నా సూట్‌కేసులో సగం బట్టలు నేను రెండేళ్ళపాటు బయటికే తీయలేదు.

ఇంటావిడ మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ. వాళ్ళ తాతలు విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటలకు వెళ్ళినవాళ్ళు. ఈవిడ పెళ్ళయ్యాక పనికోసం ఇటు దిగి స్థిరపడింది. రెండు గదులు తను ఉంచుకుని మూడోది మా ఇద్దరికీ ఇచ్చింది. ఆవిడ తెలుగులో అరవమూ మలాయీ కలిసి ఉండేవి. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి, “మాకాన్ ఐందామ్మా? ఉట్టి కడుపుతో ఎల్లకండి, కొంచం తినీసి ఎల్లండి” అనేది. వేపుళ్ళ వాసన పక్క ఫ్లాటుకు పోతుందని నూనె పొయ్యిమీద పెట్టడానికి ఆదివారం ఒక్కరోజే సెలవిచ్చేది. ఆ ఆదివారం అక్క మరమరాలు నానబెట్టి ఉగ్గాని చేసి, పక్కన నాలుగు మిరపకాయ బజ్జీలు వేసేది. బజ్జీల్లో మూడు నేనే తినేదాన్ని.

అక్కది అనంతపురం జిల్లాలో ఒక కరువు పల్లె. తెలుగు మీడియంలో, హాస్టల్ అన్నం తిని చదువుకుని, ఎలాగో ఎం.సి.ఎ. దాకా వచ్చింది. నాకంటే ఆరేళ్ళు పెద్ద. పనిలో ఆమెకు ఆమే సాటి. వేల వరుసల ప్రోగ్రామును ఆకుపచ్చ గీతల వెడల్పాటి కాగితం మీద అచ్చువేసి, చాపమీద పరిచి, పెన్సిల్ పట్టుకుని కూర్చుందంటే, తప్పు ఎక్కడ దాక్కున్నా బయటికి లాగేది. కానీ ఇంగ్లీషులో ఎవరైనా ఎదురుపడితే నోరు పెగిలేది కాదు. నాది దానికి తలకిందులు. విజయవాడ కాన్వెంటు చదువు, ఇంగ్లీషు నాలుక చివర ఉండేది, పని మాత్రం అంతంతమాత్రం. ఆఫీసులో నేను రాసిన ప్రోగ్రాములను సాయంత్రంలోగా అక్క గుట్టుగా సరిచేసి పెట్టేది, నేను వాటిని తీసుకువెళ్ళి మేనేజరు ముందు గంటసేపు దంచి మెప్పు కొట్టేసేదాన్ని.

నేను మంచిదాన్ని కాను. ఆ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఇంగ్లీషు రాదని అక్కను నేను ఏడిపించిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, కానీ అప్పుడు అది నాకు గొప్ప కాలక్షేపం. మా బ్లాకు కింద తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్లో ఒకసారి, తనకు కావలసింది తనే అడిగి తెచ్చుకోవాలని పట్టుబట్టి, ఆమెను వరుసలో నిలబెట్టి నేను బల్ల దగ్గర కూర్చున్నాను. వెనక పదిమంది విసుక్కుంటున్నారు, అంగడి ఆయన గదమాయిస్తున్నాడు, అక్క వేలుపెట్టి ఏదో చూపించింది. శుద్ధ శాకాహారి అయిన ఆమె చేతికి రొయ్యల నూడుల్సు వచ్చాయి. కడుపుబ్బ నవ్వాను. తనూ నవ్వి, ఆ పళ్ళెం నావైపు జరిపి, ఇంటికి వచ్చి పెరుగన్నం కలుపుకుంది. సాయంత్రం ఇంటావిడ టీవీలో ఇంగ్లీషు వార్తలు వస్తుంటే కదలకుండా కూర్చుని వినేది. బొమ్మలు చూస్తోందనుకునేదాన్ని. మాట రాని మనిషికి అర్థం మాత్రం ఏమవుతుందని నా ధీమా.

మా గదిలో అలమర తలుపు మీద షికాగో నగరం మ్యాపు ఒకటి అంటించి ఉండేది. పాత పుస్తకాల దుకాణంలో దొరికిందట. మాతో పనిచేసే అమ్మాయిలందరూ అమెరికా అంటే కారూ ఇల్లూ మంచూ అనేవారు. అక్కకు అవేవీ పట్టేవి కావు. ఆ మ్యాపుకు కుడివైపు పైనుంచి కిందదాకా నీలం రంగు తప్ప మరేమీ లేని భాగం ఒకటి ఉంది, అది మిచిగన్ సరస్సు. ఆమె చూపంతా దానిమీదే. చిన్నప్పుడు రెండు మైళ్ళు నడిచి, బావి అడుగున చెంబుతో తోడి, బిందె నింపుకున్న మనిషి. తీర్థానికి వెళ్ళినప్పుడు సముద్రం చూసిందట, నచ్చలేదట.

“సముద్రం ఎంతుంటే ఏం పాపా, ఉప్పు. నోట్లో పోసుకోలేం. ఇది తాగే నీళ్ళంట. అవతలి గట్టు కనపడదంట! అట్లాంటి చెరువొకటి ఉండాదంటే చూడల్ల కదా” అనేది. నన్ను పాపా అనే పిలిచేది.

ఆదివారం తిండి అయ్యాక ఇద్దరం ఆ మ్యాపు ముందు కూర్చునేవాళ్ళం. అక్క వేలు ఏదో ఒక వీధిలో బయలుదేరి, మలుపులు తిరిగి, వంతెన దాటి, సరిగ్గా నీళ్ళ ఒడ్డున ఆగేది. దారిలో వీధుల పేర్లు నేను చదవాలి, తను తిరిగి అనాలి. తప్పు పలికితే మళ్ళీ మొదటినుంచి నడిపించేదాన్ని. ఏమాటకామాటే చెప్పాలి, ఆ ఊళ్ళో నేను కాలుపెట్టేనాటికి నాకు దారి అడగవలసిన అవసరం రాలేదు.

కాగితాల పద్ధతి మొదలుపెట్టింది మేమే అని చెప్పను. అప్పట్లో ఫోను ఇంటర్వ్యూ ఒకరి పేరుమీద ఇంకొకరు ఇవ్వడం మామూలే, కన్సల్టెన్సీలే కళ్ళు మూసుకునేవి. మాది ఇంకొంచెం నాజూకైన ఏర్పాటు. ఫోను చాప మీద పెట్టి స్పీకరు నొక్కేవాళ్ళం. అడిగిన ప్రశ్నకు అక్క ఆ ఆకుపచ్చ గీతల కాగితం చింపిన ముక్కల వెనక జవాబు రాసి నా ముందుకు తోసేది, నేను ఆమె పేరుతో, దానికి నగిషీలు చెక్కి వినిపించేదాన్ని. ప్రశ్న అర్థంకాకపోతుందేమోనని ఆమె కోసం చివరి మాటలు నేను మళ్ళీ ఒకసారి అనేదాన్ని, ఎంత దయగల దాన్నో చూడండి. ఇక్కడి కంపెనీలో ఆమె గడువు పొడిగించుకోవడానికి, ఆమెను ఎన్నడూ చూడని పైదేశపు ఆఫీసువాళ్ళతో ఒకసారి అలాగే చేశాం. దొరకలేదు.

రెండువేల సంవత్సరం వచ్చింది, ఒక్క కంప్యూటరూ కూలలేదు. దాంతో మా అవసరమూ తీరిపోయింది. మూడు నెలల్లో ఇద్దరి గడువూ అయిపోతుందనీ, ఆలోగా అమెరికాలో కుదరనివాళ్ళు సామాను సర్దుకోవలసిందేననీ హైదరాబాదు నుంచి కన్సల్టెన్సీ ఆయన ఫోను చేసి చెప్పాడు. మరో వారానికి మళ్ళీ ఫోను. షికాగోలో ఒక ఇన్సూరెన్సు కంపెనీ, ఒకే ఒక్క ఖాళీ, దానికి అక్క పేరు పంపాడు. నా పేరు ఎందుకు పంపలేదని అడిగితే, ఆమె అనుభవం ముందు నీదెంతమ్మా అని మొహం మీదే అనేశాడు. అక్క ఆ సాయంత్రం మ్యాపు దగ్గరికి కూడా వెళ్ళలేదు, దిష్టి తగులుతుందన్నట్టు దూరంనుంచే చూసి పడుకుంది.

ఇంటర్వ్యూ మాకు ఉదయం ఏడింటికి, వాళ్ళకు ముందురోజు సాయంత్రం. అక్క తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నాలుగు పెన్సిళ్ళు చెక్కుకుని కూర్చుంది. అవతల పెద్దమనిషి గొంతు, నెమ్మదిగా మర్యాదగా ఉంది. అంకె ఉండవలసిన చోట అక్షరం పడి ప్రోగ్రాము ఆగిపోతే ఎక్కడ మొదలుపెట్టి వెతుకుతావని అడిగాడు. అక్క నాలుగు వాక్యాలు రాసింది. నేను వాటిని చదివి, మధ్యలో ఒక చతురోక్తి కూడా వేశాను, ఆయన గట్టిగా నవ్వాడు. నలభై నిమిషాలు అలాగే సాగింది. ఆయన నవ్వినకొద్దీ, మెచ్చుకున్నకొద్దీ, ఈ మెప్పంతా ఎవరి ఖాతాలో పడుతోందన్న మంట నాలో పెరుగుతూ వచ్చింది. గొంతు నాది, ఊరు ఆమెకు. ఈమె వెళ్ళిపోతే ఈ మూడు నెలలూ నా పని సరిచేసేదెవరు? ఇలా అనుకుంటూనే, ఆమె తోసిన మరో కాగితం చేతిలోకి తీసుకున్నాను.

చివర్లో ఆయన కొంచెం వేగంగా ఒక ప్రశ్న అడిగాడు. ఇక్కడ పనిచేసేవాళ్ళు రోజూ మనుషులతో మాట్లాడవలసి ఉంటుంది, అది నీకు అలవాటేనా అని. ఈసారి నేను ఆ మాటలు అక్క కోసం మళ్ళీ అనలేదు. ఆమె పెన్సిల్ కదిలేలోపే, ఎంతో వినయంగా, నిజం చెప్పాలంటే నాకు మనుషులతో మాట్లాడడం చేతకాదండీ, ఒక మూల కూర్చుని యంత్రంతో పని చేసుకోవడమే ఇష్టం అని చెప్పాను. ఆయన, సంతోషం, తెలియజేస్తాం అని ఫోను పెట్టేశాడు. ఆ నలభై నిమిషాల అబద్ధంలో ఆ ఒక్క ముక్కే నిజమని, నేను చేసిన దాంట్లో తప్పేముందని, చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

అక్క కాగితం ముక్కలన్నీ ఏరి దొంతర పెడుతూ, “చివర్లో ఏమో అడిగినాడే, ఏమది పాపా?” అంది.

జీతం ఎంత కావాలని అడిగాడన్నాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, “ఓ” అని లేచి ఉప్మా చేయడానికి వెళ్ళింది.

పనిలో దిట్టే కానీ నలుగురితో కలవదట, వద్దన్నారు అని నాలుగు రోజుల్లో కబురు వచ్చింది. నేను తెచ్చిపెట్టుకున్న బాధతో ఆమె భుజం తట్టాను. ఆమె ఏడవలేదు. మ్యాపు చింపలేదు. ఆదివారం ఉగ్గాని మామూలుగానే చేసింది, బజ్జీలు మూడూ నా పళ్ళెంలోనే వేసింది. ఇంటావిడే, “దాని మొకం సూడలేకపోతన్నానమ్మా, నీ నోరు దానికిచ్చుంటే బాగున్ను దేవుడు” అని నా దగ్గర వాపోయింది.

నెల తిరక్కుండానే అదే ఊళ్ళో ఇంకొక ఖాళీ వచ్చింది. దుకాణాల కంపెనీ, ఈసారి మాటకారి మనిషే కావాలన్నారట, కన్సల్టెన్సీ ఆయన నా పేరు పంపాడు. కాగితాలు లేకుండా నేను రెండో ప్రశ్న దాటలేనని నాకు తెలుసు. రాసిపెట్టమని అక్కను అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఆమే అడిగింది.

“నేను రాస్తాలే. నువ్వు బాగా మాట్లాడు, అంతే” అంది.

అదే చాప, అదే ఉదయం ఏడు గంటలు. ఈసారి అవతల ఒక ఆడమనిషి. అక్క కాగితం వెనక కాగితం తోస్తూనే ఉంది. ముందు ఇంటర్వ్యూలో కంటే చక్కగా, నేను నోరు తిరగక తడబడకుండా చిన్న చిన్న మాటల్లో రాసింది. అంతా అయిపోయింది, ఇక పెట్టేస్తుందనుకుంటే, ఆవిడ చివరగా అదే ప్రశ్న అడిగింది. అమెరికావాళ్ళు ఎవరిని తీసుకున్నా ఆ ప్రశ్న అడుగుతారని అప్పటికి నాకు తెలియదు. నేను నోరు తెరిచేలోపే నా ముందుకు ఒక కాగితం వచ్చింది. అప్పటికప్పుడు రాసింది కాదు, నాలుగు మడతలు పెట్టి ముందే సిద్ధంగా ఉంచుకున్నది. విప్పితే పైన ఇంగ్లీషులో, మొదటి ఇంటర్వ్యూలో ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్న, ఒక్క మాట పొల్లుపోకుండా ఉంది. దానికింద నేను ఆ రోజు చెప్పిన జవాబు, అదీ మాటకు మాట. దాన్ని ఒక గీత పెట్టి కొట్టేసింది. అడుగున తెలుగులో, ‘ఈసారి అవునని చెప్పు’ అని రాసింది.

చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు గానీ, ఆవిడకు వినపడినట్టుంది, ఉద్యోగం వచ్చింది. ఫోను పెట్టాక అక్క వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ రోజు ఏమడిగాడు పాపా అని ఆమె ఎందుకు అడిగిందో అప్పుడు తెలిసింది. అది ప్రశ్న కాదు, ఒప్పుకోమని నాకిచ్చిన అవకాశం. ఆమె తిట్టి ఉంటే కాళ్ళమీద పడేదాన్ని. ఆమె మాత్రం ఎప్పటిలాగే ముక్కలు ఏరి దొంతర పెట్టి, ఆ మడత కాగితాన్ని కూడా వాటిలో కలిపి, చెత్తబుట్టలో వేసింది. నేను ప్రయాణమయ్యేదాకా మేమిద్దరం సామాను గురించి తప్ప మరేమీ మాట్లాడుకోలేదు. బయలుదేరే రోజున మ్యాపు ఊడదీసి, నా సూట్‌కేసులో పైన పెట్టింది. అంతకంటే పెద్ద శిక్ష ఆమెకు తెలిసినా వేసేది కాదు.

షికాగోలో పద్దెనిమిది నెలలు ఉన్నాను. వెళ్ళిన మొదటి ఆదివారమే, అక్క వేలు నడిచిన దారిలోనే నడిచి, వంతెన దాటి, నీళ్ళ ఒడ్డున నిలబడ్డాను. అవతలి గట్టు నిజంగానే కనపడదు. అక్కడ ఏ ఇంట్లో కుళాయి తిప్పినా వచ్చేవి ఆ నీళ్ళేనని మా ఇంటి యజమాని మాటల్లో చెప్పాడు. ఆ తర్వాత గ్లాసు ఎత్తిన ప్రతిసారీ అక్క గుర్తుకొచ్చేది, దాహం సగంలోనే తీరిపోయేది. ఆఫీసులో రోజూ మనుషులతో మాట్లాడేదాన్ని, బ్రహ్మాండంగా మాట్లాడేదాన్ని. పక్కన కాగితం తోసే చెయ్యి లేకపోయేసరికి, దీనికి మాట తప్ప పని రాదని ఏడాది తిరక్కుండానే అందరికీ తెలిసిపోయింది. ఒంటరితనం గురించి మనవాళ్ళు చాలా రాశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నేను మాత్రం ఆ మహానగరంలో కూర్చుని క్లెమెంటిలోని ఆ గదికోసం, ఆదివారం మధ్యాహ్నాల కోసం బెంగపెట్టుకున్నాను. మార్కెట్టు పడిపోగానే ముందు వరుసలో ఇంటికి పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. మళ్ళీ సింగపూరే అక్కున చేర్చుకుంది. పని అప్పుడు నేర్చుకున్నాను, మొదటినుంచి, ఒక్కదాన్నే.

నేను వెళ్ళిన మరుసటి నెలలోనే అక్క అనంతపురం వెళ్ళిపోయి, ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పడానికి కుదురుకుంది. షికాగోనుంచి ఒకేఒక్కసారి ఆ కాలేజీకి ఫోను చేశాను, క్షమించమని అడుగుదామని. కుశల ప్రశ్నలయ్యాక నేను మాటలు కూడదీసుకుంటున్నంతలో ఆమే అడిగింది.

“ఆ నీళ్ళు తియ్యగుంటాయా పాపా?”

“ఏముందక్కా, కుళాయి నీళ్ళే కదా” అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. “సరేలే, జాగ్రత్తగుండు” అని పెట్టేసింది. నేను మళ్ళీ ఫోను చేయలేదు. సిగ్గు ముదిరితే అదీ ఒక రకం పొగరే అవుతుంది. పోయిన సంవత్సరం ఆమె పోయిందని ఇంటావిడ కూతురు చెప్పింది, ఆ చెరువు చూడకుండానే.

పోయిన నెల ఇంటర్వ్యూలో ఆఖరుకు నేను ఆ అమ్మాయిని ఇక ప్రశ్నలేవీ అడగలేదు. తెలుగులో, నీ పక్కన కూర్చుని రాస్తున్న ఆవిడను ఒక్కసారి కెమెరా ముందుకు రమ్మంటావా తల్లీ అని అడిగాను. నిజంగా చూడాలనే అడిగాను. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది, కళ్ళద్దాల్లో కాగితం గబుక్కున మాయమైంది, తెర నల్లగా అయిపోయింది. భలే పట్టుకున్నారు ఆంటీ అని మా పిల్ల సంబరపడింది. ఫారం మీద ‘వద్దు’ అని రాసి సంతకం చేశాను. రాయక తప్పదు కూడా. అంటే ఆ ఇద్దరిలో ఎవరికి ఏ చెరువు చూడాలని ఉందో తెలియకుండానే, ఇంకొకసారి నా చేత్తోనే గట్టు కట్టేశాను.

మన రోజుల్లో గొంతు ఒక్కటే దాటేది సముద్రాలు. ఇప్పుడు మొహం దాటుతోంది, కళ్ళద్దాల్లో నీడతో సహా దాటుతోంది. పక్కన కూర్చున్న మనిషి మాత్రం అప్పుడూ కనపడలేదు, ఇప్పుడూ కనపడదు. క్లెమెంటిలో ఆ బ్లాకు పడగొట్టి ఇంకా ఎత్తైనది కడుతున్నారు. మ్యాపు నా దగ్గరే ఉంది, మడతల దగ్గర చిరిగి, సరస్సు రెండు ముక్కలైంది. తీసి చూసినప్పుడల్లా ఆ ఫోనే గుర్తుకొస్తుంది. ఆ నీళ్ళు తియ్యగానే ఉంటాయి. ఆ ఒక్క మాట ఆ రోజు అక్కకు చెప్పి ఉంటే నా సొమ్మేం పోయేది?